మోకు కట్టుకుని దిగడం

కామారెడ్డిలో ఎల్లారెడ్డి బస్సెక్కితే నాకు కిటికీ పక్క సీటే కావాలి. లింగంపేట దాటాక మా చిన్నాయన మోటబాయి కనిపిస్తుంది. పక్కన బోరు పడ్డాక దాన్ని పట్టించుకున్నవాళ్ళు లేరు, గట్టు మీద తుమ్మ మొలిచింది. చిన్నప్పుడు ఏటా ఎండాకాలం దాని పూడిక తీసేవాళ్ళు. చిన్నాయన నడుముకు మోకు కట్టుకుని దిగేవాడు. రెండుసార్లు గుంజితే గంప పైకి లాగాలి. నల్లటి బురద, కుండపెంకులు. ఒకసారి, ఎవరో ఎత్తుకపోయారని నాయనమ్మ ఏడాదంతా ఊరిని తిట్టిపోసిన ఇత్తడి చెంబు.

"దిగుడుకేం భయం లేదు బిడ్డా, మీదున్నోడు బీడీ ముట్టిచ్చుకుంటెనే భయం" అనేవాడు చిన్నాయన.

కవి ఆలూరి బైరాగి 'నూతిలో గొంతుకలు' (1955) చదువుతుంటే నాకు ఆ బాయే గుర్తొచ్చింది. బైరాగిది తెనాలి వైపు. ఆయన నూతిలో హామ్లెట్, అర్జునుడు, రష్యన్ నవలలోని రాస్కోల్నికోవ్ మాట్లాడతారు. ముగ్గురిదీ చంపడం చుట్టూ తిరిగే యాతనే. లోపలి మాట చెప్పుకోడానికి ముగ్గురు పరాయివాళ్ళ గొంతులు అరువు తెచ్చుకున్నాడంటే, నా లెక్కలో మోకు కట్టుకునే దిగాడు.

దిగడం గురించి ఇంకో మాట ఉంది. 1934లో నవలాకారుడు జేమ్స్ జాయిస్ కూతురు లూసియాకు మనోవైద్యుడు యూంగ్ వైద్యం చేశాడు. తన రాతల్లాంటివే కూతురి రాతలూ అని తండ్రి పట్టు. ఇద్దరూ ఏటి అడుక్కే పోతున్నారు, కాకపోతే ఆమె పడిపోతోంది, మీరు దూకుతున్నారు అని యూంగ్ అన్నాడట. జబ్బుపడ్డ పిల్ల గురించి ఆ మాట కటువే. కవులకు మాత్రం పనికొస్తుంది.

నేనూ కొన్నేళ్ళు దిండు పక్కన నోటుబుక్కు పెట్టుకుని కలలు రాశాను. యూంగ్‌ని సగం చదివిన రోజులవి. తెల్లారి కళ్ళు నులుముకుంటూ గీకినవాటిని కవితలని ఒక పత్రికకు పంపితే తిరిగొచ్చాయి. రావాల్సినవే, అన్నీ గంపెడు బురద. కవి అజంతా తన సంపుటికి 'స్వప్నలిపి' అని పేరు పెట్టుకున్నాడు, 1997లో దానికి సాహిత్య అకాడెమీ బహుమతి వచ్చింది. ఆ పేరులో నా కన్ను కల మీద కన్నా లిపి మీదే పడుతుంది. ఇప్పుడు కల రాసి వారం దాకా ముట్టను. బురద ఎండితేగాని పెంకులు విడిపడవు.

ఆ చెంబును నాయనమ్మ చింతపండు పెట్టి మూడురోజులు తోమింది. తర్వాత దాంతోనే మాకు మజ్జిగ పోసేది. అడుగున నల్ల మచ్చ మాత్రం పోలేదు.