దర్పణం దగ్గర ఆగిన పేపర్

రాత్రి పదకొండున్నర. హాస్టల్ గదిలో రెండు మంచాల మధ్య ఉన్న ఒక్క టేబుల్ మీద లాప్‌టాప్ వెలుగుతోంది. తెర మీద పెద్దక్షరాలతో శీర్షిక: 'కన్యాశుల్కంలో స్త్రీ పాత్రలు - ఒక పరిశీలన'. కింద గీత. గీత కింద పేరు, రోల్ నంబరు, పేపర్ కోడ్. ఆ తర్వాత 'ఉపోద్ఘాతం' అని రాసి దానికీ ఒక గీత. మిగిలింది ఒకే వాక్యం. సాహిత్యం సమాజానికి దర్పణం వంటిది.

నాలుగు రోజులుగా ఆ వాక్యం అక్కడే ఉంది. రాసిన అమ్మాయిది బొబ్బిలి వైపు ఊరు. అక్కడే డిగ్రీ చేసి, హైదరాబాదులో ఎంఏ తెలుగులో చేరింది. మొదటి సెమిస్టర్, మొదటి టర్మ్ పేపర్, రెండు వేల పదాలు, సోమవారం సాయంత్రం నాలుగింటికల్లా ఇవ్వాలి. 'దర్పణం' తీసేసి 'అద్దం' పెట్టింది. మళ్లీ అద్దం తీసేసి దర్పణమే పెట్టింది. చదువులో వెనకబడ్డ పిల్ల అనుకోవడానికి లేదు, డిగ్రీలో క్లాస్ ఫస్ట్. ఆ ఫస్టు తెచ్చిపెట్టిన అలవాటే ఇప్పుడు ఆమె చెయ్యి పట్టుకుని వదలడం లేదు.

మన పరీక్ష పేపర్లలో 'వ్యాసరూప ప్రశ్నలు' అని ఒక విభాగం ఉంటుంది. పేరుకే వ్యాసం. ప్రశ్న ముందే తెలుసు, జవాబు గైడులో ఉంది, ఎక్కడ ఏ సైడ్ హెడింగ్ రావాలో సార్ చెప్పేశారు. మార్జిన్ కొట్టడం, సైడ్ హెడింగ్ కింద స్కెచ్ పెన్నుతో గీయడం, పాయింట్లకు నంబర్లు వేయడం, అడిషనల్ షీట్లు దారంతో ముడేయడం. దిద్దేవాళ్ల కళ్లకు ఆ గీతలే ముందు కనిపిస్తాయని పిల్లలకు బాగా తెలుసు. ఎంత రాశామన్నది పేజీల లెక్కలో చెప్పుకుంటారు, ఏం రాశామన్నది హాలు దాటగానే మర్చిపోతారు. ఈ కాలమ్ రాసేవాడిదీ ఆ దారాల బ్యాచే. ఇంటర్లో ఎనిమిది అడిషనల్స్ తీసుకున్నానని ఇంట్లో గొప్పగా చెప్పుకున్నాడు కూడా.

అలా ఏళ్ల తరబడి రాసి రాసి యూనివర్సిటీకి వస్తే అక్కడ జవాబు సంగతి అటుంచి, ప్రశ్నే ఇవ్వరు. 'ఏదైనా ఒక టాపిక్ తీసుకుని రాయండి' అంటారు. ఆ 'ఏదైనా' అన్న మాట దగ్గరే సగం మంది కూలబడతారు.

కాలమిస్టు తన మొదటి పేపర్‌ని పద్దెనిమిది పేజీలు రాసి, స్పైరల్ బైండింగ్ చేయించి మరీ ఇచ్చాడు. అది తిరిగొచ్చినప్పుడు ఎర్ర ఇంకు ఎక్కడా లేదు. చివరి పేజీలో పెన్సిల్‌తో రెండే ముక్కలు: 'అందరూ అన్నది బాగా చెప్పావు. నువ్వేమంటావు?' రెండు రోజులు ఆ మేష్టారి మీద ఒళ్లు మండింది. నేనేమనడమేమిటి, అనడానికి పెద్దవాళ్లున్నారు కదా అనుకున్నాడు. బైండింగ్ డబ్బులు దండగైన బాధ వేరే.

అందుకే ఆ అమ్మాయి ఫోన్ చేసి "ఏటి రాయాలో తెలీడం లేదు సార్" అన్నప్పుడు అతను ఉపోద్ఘాతం గురించి ఎత్తలేదు. నాటకం చదువుతున్నప్పుడు నీకు ఎక్కడ అనుమానం వచ్చిందమ్మా అని అడిగాడు. కాసేపు అవతల చప్పుడు లేదు. తర్వాత గొంతు కొంచెం మారింది. "మధురవాణి మొదట రాసిందాంట్లో ఇంత లేదంట కదా సార్. మరెందుకు పెంచేరు?"

పేపర్ అక్కడ మొదలైంది. ఆమెకు ఆ సంగతి ఇంకా తెలియదు.

కన్యాశుల్కం 1892లో విజయనగరంలో మొదటిసారి ప్రదర్శించారు. 1897లో అచ్చయింది. దాన్ని రాసిన గురజాడ అంతటితో వదల్లేదు. నాటకాన్ని దాదాపు తిరగరాసి 1909లో రెండో కూర్పు తెచ్చారు. ఇవాళ మనం చదివేదీ, గిరీశం డైలాగులు చెప్పుకునేదీ ఆ ఏడంకాల నాటకమే. మధురవాణి పాత్ర పెరిగి పెద్దదైంది ఆ కూర్పులోనే. మొదటి కూర్పు జనానికి దాదాపు కనబడకుండా పోతే, పరిశోధకుడు బంగోరె దాన్ని వెతికి పట్టుకుని మళ్లీ అచ్చులోకి తెచ్చారు. అంటే రెండూ పక్కపక్కన పెట్టి చూసుకోవచ్చు. స్త్రీ పాత్రలన్నిటి మీదా రాయాలంటే సెమిస్టర్ చాలదు. ఒక పాత్ర, రెండు కూర్పులు, మధ్యలో పన్నెండేళ్లు అనుకుంటే శని, ఆదివారాలు సరిపోతాయి.

మర్నాడు ఆమె లైబ్రరీలో రెండు పుస్తకాలూ తెరిచి కూర్చుంది. నోట్‌బుక్కులో నిలువుగా గీత గీసి ఎడమ వైపు '97', కుడి వైపు '09' అని రాసుకుంది. మధురవాణి రంగం మీదకు వచ్చిన ప్రతిచోటా ఒక పుల్ల గీత. వచ్చినప్పుడు ఎవరితో మాట్లాడింది, మాట గెలిచిందెవరు, పక్కన రెండు ముక్కలు. మధ్యాహ్నం మెస్ మూసే వేళకు కుడి వైపు గీతలు పేజీ దాటి వెనక్కి వెళ్లాయి. ఎడమ వైపు సగం ఖాళీ. ఆ ఖాళీ చూసి నవ్వొచ్చిందని తర్వాత చెప్పింది. ఒకటే పొరపాటు చేసింది: మొదట్లో పేజీ నంబర్లు వేసుకోలేదు. సాయంత్రం మళ్లీ మొదటి నుంచి తిరగేయాల్సి వచ్చింది. ఈ తప్పు చేయనివాళ్లు ఉంటారేమో గానీ కాలమిస్టుకు ఇంతవరకు తగల్లేదు.

భాష దగ్గర ఇంకో చిక్కు. ఫోన్లో "మధురవాణి ముందు గిరీశం ఏటికీ పనికిరాడు సార్" అన్న అమ్మాయి, కాగితం మీదకు వచ్చేసరికి 'మధురవాణి పాత్ర మిక్కిలి ప్రతిభావంతముగా చిత్రింపబడినది' అని రాసింది. చిత్రించిందెవరో ఆ వాక్యానికి పట్టదు. గవర్నమెంటు ప్రకటనలా ఉంటే యూనివర్సిటీ రాతలా ఉంటుందని ఎవరో నమ్మించారు.

ఇందులో ఒక వింత ఉంది. తెలుగు విద్యార్థి కంపోజిషన్ ఏ తెలుగులో రాయాలన్న గొడవ మద్రాసు విశ్వవిద్యాలయంలో పెద్ద ఎత్తున నడిచింది. కంపోజిషన్ సబ్ కమిటీలో ఎక్కువమంది మొగ్గు గ్రాంథికం వైపు. వాళ్లతో విభేదిస్తూ వాడుక భాష కోసం 1914లో ఇంగ్లీషులో సుదీర్ఘమైన అసమ్మతి పత్రం రాసిచ్చినాయన ఈ గురజాడే. మరుసటి ఏడాది కన్నుమూశారు. ఆయన నాటకం మీదే, ఆయన జిల్లా పిల్ల, నూరేళ్లు దాటాక కూడా 'చిత్రింపబడినది' అని రాస్తోంది! కాలమిస్టు ఈ మాట చెబితే ఆమె కాసేపు ఆగి, "అయితే ఫోన్లో చెప్పినట్టే రాసీమంటారా సార్?" అంది. ముందు అలా రాసెయ్, యాస సంగతి తర్వాత చూసుకుందాం అన్నాడు. ఆ రాత్రి ఆమె రూమ్‌మేట్‌ని కూర్చోబెట్టి పావుగంట చెప్పి, ఫోన్లో రికార్డు చేసుకుని, విని టైపు చేసింది.

ఇంతకీ ఆమె రాస్తున్న ఈ రకం రచనకు, వ్యాసం అన్న పేరు స్థిరపడకముందు మనవాళ్లు రకరకాల పేర్లు పెట్టారు. 1862లో అచ్చయిన 'హితసూచని'లో సామినేని ముద్దునరసింహం నాయుడు వీటిని ప్రమేయాలన్నారు. తర్వాతి వాళ్లు కొందరు ఉపన్యాసాలన్నారు. ఫ్రాన్సులో మాంటేన్ 1580లో తన పుస్తకానికి పెట్టిన 'ఎస్సే' అన్న పేరుకు ప్రయత్నం అని అర్థం. చచ్చేదాకా తన సొంత ప్రతిలోని మార్జిన్లలో ఏదో ఒకటి చేరుస్తూనే ఉన్నాడాయన. మన పిల్లలకు మార్జిన్ అంటే గీత కొట్టి వదిలేసే చోటు.

ఆ అమ్మాయి రూమ్‌మేట్ సలహా మీద మొదట్లోనే చాట్‌జీపీటీని కూడా అడిగి చూసిందట. అది క్షణంలో ఆరు పేరాలు ఇచ్చింది. అందులోనూ దర్పణం ఉంది. సీనియర్లు మాత్రం 2018 నాటి యూజీసీ నిబంధనలు చెప్పి భయపెట్టారు. థీసిస్‌లో పోలిక పది శాతం లోపైతే శిక్ష లేదు, అరవై దాటితే రిజిస్ట్రేషనే రద్దు. నిబంధన మంచిదే. కాకపోతే సాఫ్ట్‌వేర్ పట్టేది ఎత్తిరాసిన వాక్యాన్ని. రాసినవాళ్లు ఏమీ అనుకోకుండా రాసిన వాక్యాన్ని పట్టే యంత్రం ఏ లైబ్రరీలోనూ లేదు.

ఆదివారం రాత్రికి ఆరు పేజీలు తేలాయి. పుల్ల గీతల పట్టిక రెండో పేజీలోకి వచ్చింది. శీర్షికలో 'స్త్రీ పాత్రలు' పోయి 'మధురవాణి: రెండు కూర్పులు' మిగిలింది. ఎందుకు పెంచారన్న ప్రశ్నకు రెండు కారణాలు తోచాయి, మూడోదాని మీద ఆమెకే నమ్మకం లేదు. ఆ సంగతి పేపర్లోనే రాయొచ్చా అని అడిగింది. రాయమన్నాడు.

సోమవారం మధ్యాహ్నం రెండున్నరకు మెసేజ్ వచ్చింది. "సార్, అంతా అయిపోయింది. ఉపోద్ఘాతం ఒక్కటే లేదు." దానితో పాటు తెర ఫొటో. 'ఉపోద్ఘాతం' అన్న మాట కింద గీత అలాగే ఉంది, దర్పణం వాక్యం లేదు. జవాబు ఇచ్చేలోపే ఇంకో మెసేజ్: "మీకు ఫోన్లో అడిగిందే మొదట పెట్టీనా?"

పెట్టెయ్ అన్నాడు. ప్రింటవుట్ షాపు దగ్గర క్యూ ఉంటుంది, త్వరగా వెళ్లమని కూడా అన్నాడు.