‘సహజము’ అన్న మాట చాలునా? — కాటుకను గూర్చి ఒక విమర్శ

యాదగిరిగుట్టకు వచ్చిన యాత్రికులు లక్ష్మీనరసింహస్వామి దర్శనము చేసికొని, ఇంటి ముఖము పట్టుటకు ముందు గాజులో, కుంకుమయో, పిల్లలకు ఆటబొమ్మలో కొందురు. ఇట్టి యాత్రాస్థలముల అంగళ్లలో కాటుక డబ్బీలకును గిరాకి యున్నది. ‘సహజమైనది, రసాయనములు లేనిది, కంటికి చలువ చేయునది’ అను మూడు మాటలు కాటుకను అమ్మువారి నోట తరచుగా వినవచ్చును. చదువుకొన్న తల్లి సైతము వానిని నమ్మి పసిబిడ్డ కంటికి కాటుక దిద్దును. కావున ఈ మూడు మాటలలో నిజమెంతయో పరిశీలింపవలసియున్నది.

మొదటిది ‘సహజము’. మన ఇండ్లలో కాటుక పట్టు పద్ధతి అందరెరిగినదే. ఆముదపు దీపముపై ఇత్తడి పళ్లెమును బోర్లించిన, గాలి చాలినంత అందక నూనె పూర్తిగా మండదు. మండని కర్బనము మసిగా పళ్లెమునకు అంటుకొనును. దానిని గీకి నేతితోగాని ఆముదముతోగాని రంగరింతురు. సుర్మా సంగతి వేరు. అనాదిగా దానిని గెలీనా అను ఖనిజమును మెత్తగా నూరి చేయుచున్నారు. గెలీనా యనగా సీసమును గంధకమును కలిసిన సమ్మేళనము. పరమాణుభారములు తెలిసిన విద్యార్థి లెక్క కట్టి చూచిన, 100 గ్రాముల గెలీనాలో 86 గ్రాములకు పైగా సీసమే యుండునని తేలును. మసియు నలుపే, గెలీనాయు నలుపే. రెండును ప్రకృతిలోనుండి వచ్చినవే. వస్తువు ఎక్కడనుండి వచ్చినదో ‘సహజము’ అను మాట చెప్పునుగాని, అది శరీరమునందు ఏమి చేయునో చెప్పదు.

గెలీనా నీటిలో కరగదు కనుక హాని లేదని కొందరు వాదింతురు. ఈ వాదము సగము దూరమే పోయి ఆగినది. కన్నీరు కంటిమూలనున్న సన్నని నాళముగుండా ముక్కులోనికి, అచటనుండి గొంతులోనికి దిగును. పసివారు కన్ను నులిమిన వ్రేళ్లనే నోట పెట్టుకొందురు. నీటిలో కరగనిది జీర్ణాశయమునందలి హైడ్రోక్లోరికామ్లములో కొంత కరగి రక్తమున చేరును. సీసము ఎదుగుచున్న మెదడునకు చెరుపు చేయును. రక్తములో ఇంత సీసమున్నను భయము లేదని చెప్పదగిన హద్దు ఏదియు తెలియరాలేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పుచున్నది.

ప్రాచీన ఈజిప్టువారి సీసపు కాటుక కండ్లకు మేలు చేసినదని శాస్త్రజ్ఞులే తేల్చినారు గదా యని మరియొక వాదము. 2010లో ఫ్రాన్సు దేశపు పరిశోధకులు ప్రకటించిన ఫలితము నిజమే. అత్యల్పమైన సీసపు అయానులు చర్మకణములను ప్రేరేపించి, రోగక్రిములను ఎదిరించుటకు తోడ్పడు నైట్రిక్ ఆక్సైడును పుట్టించినవి. అయితే అది కణములపై జరిగిన పరీక్ష; ఏండ్ల తరబడి కాటుక పెట్టుకొన్న బిడ్డలపై జరిగినది గాదు.

రెండవ మాట ‘రసాయనములు లేవు’. నీరును నేయియు రసాయన పదార్థములే గనుక ఈ మాటకు శాస్త్రార్థము లేదు. క్రిముల పెరుగుదలను అడ్డు ద్రవ్యములు కలుపలేదని వారి భావము కాబోలు. అదియొక గుణమని తలంచుట పొరపాటు. కనురెప్పల వెండ్రుకలకు పూయు మస్కారాలో సాధారణముగా నీరు, మైనము, నల్లరంగు ఉండును. రెప్పను తాకిన కుంచె ప్రతిదినము మరల గొట్టములోనికే పోవును. తడిగల ఆ గొట్టము సూక్ష్మజీవులకు మంచి నెలవు. కుంచె గీరుకొని కార్నియా అను పారదర్శకపు పొర చిట్లినపుడు, కలుషితమైన మస్కారానుండి సూడోమోనాస్ క్రిములు చేరి పుండు కలిగించినట్లు 1977లో అమెరికాలో విల్సన్, అహెర్న్ అను పరిశోధకులు ప్రకటించిరి.

అట్లని కర్మాగారములో చేసినదెల్ల మంచిదియు గాదు. 1933 ప్రాంతమున అమెరికాలో ‘లాష్ లూర్’ అను రెప్పల రంగు కొందరి కండ్లకు తీవ్రమైన హాని చేసినది. ఒకరికి చూపు పోయినది. సౌందర్య సాధనములను అదుపు చేయు 1938 నాటి శాసనమునకు అట్టి ఘటనలే ప్రేరణ.

మూడవ మాట ‘చలువ’. కాటుకలో కర్పూరము చేర్చిన కన్ను చుఱ్ఱుమని నీరు కారును, పిదప హాయిగా తోచును. అది నాడులకు కలిగిన ప్రేరణయే. కన్ను శుభ్రపడినదనుటకు నిదర్శనము గాదు.

కొనువారు చూడవలసినవి వేరుగా నున్నవి. డబ్బీపై అందలి పదార్థములు, తయారీదారుని చిరునామా, లైసెన్సు సంఖ్య, గడువు తేది ఉండవలెను. రంగు కొరకు సీసము, ఆర్సెనిక్ సమ్మేళనములు వాడరాదని మన దేశపు 2020 నాటి సౌందర్య సాధనముల నియమములు శాసించుచున్నవి. ముద్ర లేని సుర్మాను కొనకుండుటయే మేలు. ఒకరి కాటుకను మరొకరు వాడరాదు. ఎండిన మస్కారాలో నీరుగాని ఉమ్మిగాని కలుపరాదు. తెరచిన మూడు నెలలకు పారవేయవలెను. నిద్రకు ముందు కడిగివేయవలెను. కన్ను ఎఱ్ఱబడిన వాడుక మాని వైద్యునికి చూపవలెను. పసిబిడ్డ కంటికి ఏ కాటుకయు వలదు. దిష్టి పట్టింపుగల పెద్దలు ఇంట పట్టిన మసితో అరికాలున చుక్క పెట్టిన సరిపోవును.

ఉపాధ్యాయులకు ఒక హెచ్చరిక. సుర్మాను తరగతిలో కాల్చిగాని, ఆమ్లము పోసిగాని పరీక్షింపరాదు, విషవాయువులు వెలువడును. గెలీనా మసికంటె చాల బరువైనదైనను, కొద్దిపాటి కల్తీని చేతితో తూచి కనిపెట్టలేము. అది ప్రయోగశాల చేయవలసిన పని. తరగతిలో చేయదగినది మరియొకటి కలదు: విద్యార్థులచే డబ్బీలు తెప్పించి, వానిపై ఏమి వ్రాసినారో, ఏమి వ్రాయలేదో చదివించుట. ‘సహజము’ అని చదివినంతనే ‘సహజమైన ఏ పదార్థము?’ అని బిడ్డ అడుగ నేర్చిన నాడు, ఆ పాఠము ఇంటిలోని పసికందు కంటిని కాపాడును.