సీసం ఎక్కడిదో తేల్చిన తీరు

స్విట్జర్లండ్ పడమటి అంచున, జూరా పర్వతాల్లో, సముద్రమట్టానికి సుమారు వెయ్యి మీటర్ల ఎత్తున ఎతాన్ ద లా గ్రుయేర్ అనే పీట్ నేల ఉంది. పూర్తిగా కుళ్లిపోకుండా పొర మీద పొరగా పేరుకుపోయిన మొక్కల శేషాన్నే పీట్ అంటారు. మన దక్షిణాదిలో నీలగిరుల మీద, ఊటీ చుట్టుపక్కల పల్లపు నేలల్లో ఇది కొంత కనిపిస్తుంది. ఎతాన్ ద లా గ్రుయేర్‌లో దాని మందం ఆరు మీటర్లు దాటుతుంది. 1998 సెప్టెంబరులో విలియం షాటిక్, మరో ఎనిమిదిమంది సహచరులు కలిసి ఈ పీట్ గురించి ‘సైన్స్’ పత్రికలో ఒక వ్యాసం వేశారు. రేడియోకార్బన్ లెక్కలో గడిచిన 12,370 ఏళ్ల పాటు గాలిలోంచి ఆ నేల మీద రాలిన సీసం చరిత్రను ఎక్కడా తెగకుండా చెప్పిన వ్యాసమది. నిడివి ఆరు పుటలే. ఆ ఆరు పుటలు రాయడానికి ముందు జరిగిన పని ఎంత నిదానంగా, ఎంత అనుమానంతో జరిగిందో తెలిస్తే ఆ వ్యాసం మీద గౌరవం రెట్టింపవుతుంది.

ముందు ఆ నేల స్వభావం తెలియాలి. పీట్ నేలను కట్టేది స్ఫాగ్నం అనే నాచు. దానికి వేళ్లు లేవు. పైకి ఉబ్బి పెరిగిన పీట్ మీద బతికే నాచుకు కింది నేలలోని నీరు అందదు. వానతో, మంచుతో, ధూళితో ఏది వస్తే అదే దాని తిండి. ఆ కొద్దిపాటి తిండినీ అది వదలదు. నీటిలో ఉన్న కాల్షియం, మెగ్నీషియం అయాన్లను పట్టుకుని, బదులుగా హైడ్రోజన్ అయాన్లను నీటిలోకి విడుస్తుంది. మొక్కల శేషం సగం సగం కుళ్లగా పుట్టిన సేంద్రియ ఆమ్లాలు దీనికి తోడవుతాయి. అందుకే ఆ నీరు టీ రంగులో ఉంటుంది, పై పొరల్లో దాని పీహెచ్ 4 దగ్గర నిలుస్తుంది. నీటితో నిండిన పీట్‌లో కొంచెం లోతుకు వెళ్లేసరికి ఆక్సిజన్ ఉండదు. పులుపు, గాలి ఆడకపోవడం, ఈ రెండూ ఊరగాయను ఎలా కాపాడతాయో నాచును కూడా అలాగే కాపాడతాయి. ఏడాదికేడాది రాలిన ధూళి కూడా ఆ నాచుతోపాటే పొరల్లో ఉండిపోతుంది.

ఉండిపోతుందా? అసలు ప్రశ్న ఇదే. ఆ పొరలన్నీ నీటిలో నానుతున్నాయి. నీరు కదులుతుంది, కరిగిన పదార్థం ఆ నీటిలో వ్యాపిస్తుంది. ఎతాన్ ద లా గ్రుయేర్ ఉన్నది సున్నపురాతి కొండల్లో. కింద రాతి నుంచీ దానిపైన ఉన్న బంకమట్టి నుంచీ మూలకాలు కరిగి పైకి రావచ్చు. అలా వచ్చిన దాన్ని ఆకాశం నుంచి రాలినదిగా లెక్కేస్తే చరిత్ర అంతా తప్పుతుంది. ఈ చిక్కు షాటిక్‌కు మొదటి నుంచీ తెలుసు. పీట్‌లోనూ పీట్ నేలల నీటిలోనూ ఉండే మూలకాల రసాయనం మీద 1988లోనే ఆయన ఎనభై పుటలకు పైబడిన సమీక్ష రాశారు. పీట్ ఏం చెబుతోందో అడిగే ముందు అందులోని నీరు ఏం చేస్తోందో తేల్చుకోవాలన్న పట్టుదల ఆ సమీక్షలో కనిపిస్తుంది. నాకు ఈ పనితనంలో అన్నిటికన్నా నచ్చింది ఈ వరుసే.

నీటిని తేల్చే పని ఫిలిప్ స్టైన్‌మన్, షాటిక్ కలిసి చేశారు. పీట్ ముక్కను పిండితే నీరు వస్తుంది, కానీ పిండేటప్పుడు గాలి తగిలి ఇనుము, గంధకాల స్థితి మారిపోతుంది. వాళ్లు వరుసగా చిన్న చిన్న గదులున్న పలకలను వాడారు. ఆ గదుల్లో శుద్ధమైన నీరు నింపి, సన్నని పొర కప్పి, పీట్‌లో నిలువుగా దించి వదిలేస్తే, లోపలి నీరు నెమ్మదిగా బయటి నీటితో సమమవుతుంది. తీసి చూస్తే ఏ లోతున నీరు ఎలా ఉందో ఆ లోతు గది చెబుతుంది. 1997లో వెలువడిన ఈ ఫలితాలతో పై నుంచి అడుగు దాకా నీటి చిత్రం పూర్తయింది. కాల్షియానికీ మెగ్నీషియానికీ ఉన్న నిష్పత్తిని వాన నీటి నిష్పత్తితో పోల్చి, వాన మీదే బతికిన పీట్ ఎక్కడ ముగిసిందో, భూజలం తగిలిన పీట్ ఎక్కడ మొదలైందో గీత గీశారు. కాల్షియం, స్ట్రాన్షియం అడుగు నుంచి పైకి చేరుతున్నాయని తేలింది. ఇనుము, మాంగనీసు ఆక్సిజన్ ఉన్నచోట ఒకలా, లేనిచోట మరోలా ప్రవర్తిస్తాయి కాబట్టి వాటి మాటా నమ్మలేం. సీసం సంగతి వేరు. పీట్‌లోని సేంద్రియ పదార్థం దాన్ని గట్టిగా పట్టుకుంటుంది, కింది రాతి నుంచి పైకి వచ్చే జాడ కూడా దానికి లేదు. అంటే భూజలం తగిలిన లోతు పొరల్లో సైతం సీసం గాలిలోంచి రాలిందే. ఈ ఒక్క నిర్ణయంతో, వాన మీద బతికిన పై పొరలకే పరిమితం కావలసిన చరిత్ర పీట్ అడుగు దాకా సాగింది.

ఇక రెండో నేర్పు. గాలిలో సీసం పెరిగిందంటే మనిషే కారణమని ఎలా అంటాం? మట్టి ధూళిలోనూ సీసం ఉంటుంది. దీనికోసం వాళ్లు స్కాండియాన్ని ఎంచుకున్నారు. రాళ్లలో, మట్టిలో కొద్దికొద్దిగా ఉండే మూలకమది, గనుల నుంచీ కొలుముల నుంచీ చెప్పుకోదగినంతగా గాలిలోకి రాదు. వట్టి ధూళి పెరిగితే సీసం, స్కాండియం కలిసి పెరుగుతాయి. సీసం ఒక్కటే పెరిగితే అది లోహం పని. 10,590 రేడియోకార్బన్ ఏళ్ల కిందట, మంచుయుగపు చలి తిరగబెట్టిన యంగర్ డ్రయస్ కాలంలో సీసం బాగా రాలింది. 8,230 ఏళ్ల కిందట మరోసారి పెరిగింది. ఈ రెండూ వాతావరణ మార్పులకు చెందినవే. 5,320 ఏళ్ల కిందటి నుంచి మళ్లీ పెరుగుదల. తొందరపడేవాళ్లయితే లోహయుగం మొదలైందని రాసేసేవారు. స్కాండియం కూడా వెంట పెరగడం చూసి వాళ్లు ఇది అడవి నరికి, నాగలి పట్టిన రైతుల మట్టి అని తేల్చారు. పొలం దున్నిన ధూళినీ కొలిమి పొగనూ వేరు చేసి చూపడం ఎంత సున్నితమైన పనో ఆలోచించండి.

3,000 ఏళ్ల కిందట మాత్రం స్కాండియంతో సీసం నిష్పత్తి పెరగడం మొదలైంది. సరిగ్గా అక్కడే సీసం–206, సీసం–207 ఐసోటోపుల నిష్పత్తి తగ్గడం మొదలైంది. గనుల ఖనిజంలో ఆ నిష్పత్తి స్థానిక మట్టిలో కన్నా వేరుగా ఉంటుంది. ఆస్ట్రేలియాలోని బ్రోకెన్ హిల్ ఖనిజంలో అయితే 1.04 దగ్గరే, సహజ ధూళిలో 1.20 దగ్గర. ఒకదానితో ఒకటి సంబంధం లేని రెండు కొలతలు ఒకే లోతులో ఒకే మాట చెప్పాయి. గనులు తవ్వి, లోహం కరిగించడం అప్పుడే ఆ గాలిని మార్చింది. నాటి నుంచి నేటి దాకా అక్కడ రాలిన సీసంలో మనిషి వాటాదే పైచేయి.

అంకెలు గట్టిగా గుర్తుంచుకోవలసినవి. 8,030 నుంచి 5,320 ఏళ్ల కిందటి దాకా చదరపు మీటరుకు ఏడాదికి రాలిన సీసం 0.01 మిల్లీగ్రాము. 1979లో అది 15.7 మిల్లీగ్రాములు. అంటే 1,570 రెట్లు. కార్ల పెట్రోలులో సీసం కలిపే రోజులవి. మన దేశంలో ఆ పెట్రోలు 2000లో గానీ ఆగలేదు. మధ్యయుగాల గాలినే సహజమనుకుని కొలత మొదలుపెట్టి ఉంటే ఈ అంకె ఎంతో చిన్నదిగా వచ్చేది, ఎందుకంటే ఆ గాలి అప్పటికే గనుల గాలి. సహజం అనుకుంటున్నదే కలుషితమని 1965లో భూరసాయన శాస్త్రవేత్త క్లెయిర్ ప్యాటర్సన్ హెచ్చరించారు. ఆ హెచ్చరికకు రుజువుగా ఇంత పొడవైన, ఇంత శుభ్రమైన కొలత యూరప్ నేలలోంచి దొరికింది.

కాలనిర్ణయం గురించి ఒక మాట. పై పొరలకు సీసం–210, లోతు పొరలకు రేడియోకార్బన్ వాడారు. రేడియోకార్బన్ ఏళ్లు పంచాంగపు ఏళ్లతో సరిపోవు. 1979 అన్నది కూడా నమూనా లెక్కలోంచి తేలిన సంవత్సరం, ఒక పలుచని ముక్కకు ఇచ్చిన వయసు. ఆ మేరకు జాగ్రత్తగా చదవాలి. అయితే దీన్ని సరిచూసుకునే దారి కూడా ఆ బృందమే వెతికింది. 1998 వ్యాసం వచ్చిన మరుసటి ఏడాది డొమినిక్ వైస్, షాటిక్, సహచరులు మొక్కల సంగ్రహాలయాల్లో భద్రపరచిన పాత స్ఫాగ్నం నమూనాలను కొలిచారు. 19వ శతాబ్దం నుంచి సేకరించినవి అవి, సేకరించిన తేదీ ఎప్పుడో తెలిసినవి. పీట్ పొర వయసును లెక్కగట్టాలి, ఆ నాచు వయసు చీటీ మీదే రాసి ఉంటుంది. తమ ఫలితాన్ని తామే ఇలా పరీక్షకు పెట్టుకున్నవాళ్ల మాట నమ్మడానికి నాకు సంకోచం లేదు.

భూరసాయనం చదివే మన విద్యార్థులకు ఒక విన్నపం. 1998 వ్యాసాన్ని ఒక్కదాన్నే చదివి ఊరుకోకండి. ముందు 1988 సమీక్ష, తర్వాత 1997 నీటి వ్యాసం, ఆఖర్న ఆ ఆరు పుటలు, ఈ వరుసలో చదవండి.