పదమూడో నంబరు ఇల్లు

రష్యన్ రచయిత వ్లదీమిర్ కొరొలెంకోను (1853–1921) 'మానవతావాది' అన్న ఒక్క మాటతో పక్కన పెట్టడం మన విమర్శకులకు అలవాటు. వర్గదృష్టి చాలనివాడని దాని అర్థం. నేనూ ఒకప్పుడు అలాగే అన్నాను. యూదు విద్వేషాన్ని ఆయన ఎదిరించిన తీరును పరిశీలించాక ఆ అభిప్రాయాన్ని మార్చుకోక తప్పలేదు.

1903 ఏప్రిల్‌లో కిషినేవ్ నగరంలో యూదులపై మారణకాండ జరిగింది. 49 మంది హతులయ్యారు. రెండు నెలలకు కొరొలెంకో అక్కడికి వెళ్ళి, ఒకే ఒక ఇల్లు ఎంచుకున్నాడు. ఎవరెక్కడ దాక్కున్నారు, అటకెక్కి కప్పు మీదికి ఎలా చేరారు, ఎవరిని ఎక్కడ చంపారు – అన్నీ విచారించి రాశాడు. పోలీసులూ సైనికులూ దగ్గరలోనే ఉండి ఏమీ చేయలేదనీ రాశాడు. జారు సెన్సారు అడ్డుపడడంతో 'పదమూడో నంబరు ఇల్లు' ఆ ఏడు రష్యాలో అచ్చుకు నోచుకోలేదు.

ఇది ఉత్త జాలి అనగలమా? జాలి బాధితుని దగ్గరే ఆగిపోతుంది. కొరొలెంకో చూపు అధికారం దాకా పోయింది.

అంతకుముందు 1896లో, నరబలి నేరం మోపబడిన ఉద్ముర్తు రైతుల పక్షాన కోర్టులో నిలిచి వారి విడుదలకు తోడ్పడ్డాడు. 1911లో అలాంటి నిందే కీవ్‌లో ఇటుకల ఫ్యాక్టరీ గుమాస్తా బైలిస్ మీద పడింది. మతకర్మ కోసం క్రైస్తవ బాలుణ్ణి చంపాడన్నారు. నిరసన ప్రకటన కొరొలెంకో రాశాడు. గోర్కీ, బ్లోక్ మొదలైనవారు సంతకాలు చేశారు. 1913లో అనారోగ్యంతోనే విచారణకు హాజరై వ్యాసాలు రాశాడు.

ఆయన లోపం కనిపించేదీ అక్కడే. విశ్వవిద్యాలయమున్న నగరంలో జూరీని రైతులతో నింపారని ఆక్షేపించాడు. ప్రభుత్వ ఎత్తుగడను పసిగట్టడం సరే. కాని చదువులేనివాడు విద్వేషానికి తేలిగ్గా లొంగుతాడన్న శంక అందులో లేకపోలేదు. ఆ జూరీయే బైలిస్ నిర్దోషి అన్నది. అయితే హత్య ఆ ఫ్యాక్టరీ ఆవరణలోనే జరిగిందన్న ప్రాసిక్యూషన్ వాదాన్నీ ఒప్పుకున్నది. మనిషి బయటపడ్డాడు; నింద మాత్రం పూర్తిగా చావలేదు.

కనుక ప్రజలను శంకించీ లాభం లేదు, పొగిడీ లాభం లేదు. నిజాన్ని వివరాలతో వారి ముందుంచాలి. ప్రకటన మీద సంతకం ఎవరైనా చేస్తారు. చావు జరిగిన ఇంటి గడప తొక్కి, బతికినవారిని అడిగి రాయడం కష్టమైన పని. కొరొలెంకో ఆ పని చేశాడు. 'మానవతావాది' అన్న మాటను ఇకముందు తీసిపారేసే మాటగా వాడే ముందు, అటువంటి గడపలు మనం ఎన్ని తొక్కామో లెక్క చూసుకుందాం.