ఆటగాడి అభిప్రాయం - విమర్శ విలువ: 'ఎలీట్ డేంజరస్' ఒక పరిశీలన

వ్యాససంగ్రహం:

వీడియోగేమ్‌లపై ఆటగాళ్లు వెలిబుచ్చే అభిప్రాయాలను సాధారణంగా కొనుగోలుదారుల స్పందనగానే చూస్తారు. వాటిని విమర్శగా చదవవచ్చునా, చదివితే ఏ ప్రమాణాలతో చదవాలి అన్నది ఈ వ్యాసం చర్చిస్తుంది. అంతరిక్షయుద్ధం, వర్తకం, అన్వేషణ ప్రధానాంశాలుగా 2014లో వెలువడిన 'ఎలీట్ డేంజరస్' అనే ఆటను ఉదాహరణగా స్వీకరిస్తుంది. ఈ ఆటపై వచ్చిన అభిప్రాయాల్లో ఆస్వాదం, శ్రమ, మాట అనే మూడు వేర్వేరు ప్రమాణాలు కలగలిసి ఉన్నాయని, వాటిని విడదీయకుండా ఒకే శాతంగా లెక్కకట్టడంవల్ల ఆటగాడి తీర్పులోని విమర్శాంశం మరుగున పడుతోందని ప్రతిపాదిస్తుంది.

కీలకపదాలు: వీడియోగేమ్, ఆటగాడు, సహృదయుడు, అపేక్ష, అంతరిక్షయుద్ధం, డిజిటల్ పాఠ్యం.

1. ప్రవేశిక:

భారతీయ అలంకారశాస్త్రం కావ్యవిలువను నిర్ణయించే అధికారాన్ని సహృదయునికి ఇచ్చింది. అభినవగుప్తుడు లోచనవ్యాఖ్యలో చెప్పిన సహృదయుడు పుట్టుకతో అలా రూపొందినవాడు కాడు. కావ్యాలను పదేపదే అనుశీలించడంవల్ల మనసు అద్దంలా నిర్మలమై, వర్ణితవిషయంలో తన్మయత్వం పొందగల యోగ్యతను సంపాదించుకున్నవాడు. అంటే సహృదయత్వానికి అభ్యాసం పునాది.

ఈ ప్రమాణాన్ని వీడియోగేమ్‌కు అన్వయిస్తే ఒక చిక్కు ఎదురవుతుంది. 'ఎలీట్ డేంజరస్' ఆటను వందల గంటలు, ఒక్కొక్కప్పుడు వేల గంటలు ఆడినవారు చివరకు ఈ ఆటను ఎవరికీ సిఫారసు చేయలేమని రాయడం తరచుగా కనిపిస్తుంది. నచ్చని ఆటను అన్ని గంటలు ఎందుకు ఆడారన్న ప్రశ్న సహజంగానే పుడుతుంది. ఈ వైరుధ్యాన్ని ఆటగాడి చపలత్వంగా కొట్టిపారేయడం సులభం. కానీ అలాంటి తీర్పులను నిదానంగా పరిశీలిస్తే వాటిలో వైరుధ్యం లేదని, ఒకే వాక్యంలో రెండు మూడు వేర్వేరు విషయాలపై తీర్పు ఇమిడి ఉందని తెలుస్తుంది.

ఎస్పెన్ ఆర్సెత్ 1997లో వెలువరించిన 'సైబర్‌టెక్స్ట్' గ్రంథంలో కొన్ని పాఠ్యాలను దాటడానికి పాఠకుడు ప్రత్యేకమైన శ్రమ చేయవలసి ఉంటుందని ప్రతిపాదించాడు. వీడియోగేమ్ ఈ కోవకు చెందుతుంది. పేజీ తిప్పినంత మాత్రాన ఇక్కడ పాఠ్యం ముందుకు సాగదు. తెలుగువారికి పరిచితమైన అవధానప్రక్రియతో దీన్ని పోల్చవచ్చు. పృచ్ఛకుడు అవధానానికి బయట నిలిచిన శ్రోత కాడు. అతడి ప్రశ్న, అతడి నిషేధం లేకుండా పద్యం పుట్టదు. అయితే అవధానంలో నియమం పెట్టేవాడు పృచ్ఛకుడు, నిర్వహించేవాడు కవి. ఆటలో నియమాలు పెట్టేది నిర్మాత, వాటికి లోబడి నిర్వహించేది ఆటగాడు. కాబట్టి ఆటగాడి అభిప్రాయం ఏకకాలంలో శ్రోత తీర్పు, నిర్వాహకుని వాంగ్మూలం కూడా.

2. ఆట స్వరూపం:

'ఎలీట్ డేంజరస్' మూలం 1984లో ఉంది. కేంబ్రిడ్జి విద్యార్థులైన డేవిడ్ బ్రేబెన్, ఇయాన్ బెల్ బీబీసీ మైక్రో కంప్యూటర్ కోసం 'ఎలీట్' ఆటను రూపొందించారు. 32 కిలోబైట్ల జ్ఞాపకశక్తి గల ఆ యంత్రంలో 8 గెలాక్సీలను, ఒక్కొక్కదానిలో 256 గ్రహవ్యవస్థలను గణితసూత్రాల ద్వారా సృష్టించారు. ఆటగాడికి ఒక నౌక, 100 క్రెడిట్ల ధనం ఇచ్చి వదిలేశారు. వర్తకం చేయాలా, దోపిడీ చేయాలా, దొంగలను వేటాడాలా అన్నది అతడి ఇష్టం. నిర్ణీతమైన కథ, ముగింపు లేకుండా ఆటగాడే తన మార్గాన్ని ఎంచుకునే ఈ పద్ధతి తరువాతి అనేక ఆటలకు ఒరవడి అయింది.

2012 చివరలో బ్రేబెన్ సంస్థ ఈ పరంపరలో కొత్త ఆట కోసం ప్రజలనుంచి నేరుగా విరాళాలు కోరింది. లక్ష్యం 12.5 లక్షల పౌండ్లు కాగా 15 లక్షల పౌండ్లకు పైగా సమకూరింది. 2014 డిసెంబరులో ఆట విడుదలైంది. మన పాలపుంతను వాస్తవ పరిమాణంలో, సుమారు 40,000 కోట్ల నక్షత్రవ్యవస్థలతో ఇందులో నిర్మించారు. ఖగోళశాస్త్ర పట్టికల్లోని నక్షత్రాలు తమతమ స్థానాల్లో ఉంటాయి, మిగిలినవాటిని సూత్రాలు సృష్టిస్తాయి.

హాన్స్ రాబర్ట్ యౌస్ ప్రతిపాదించినట్లు పాఠకుడు ప్రతి కృతి దగ్గరకూ కొన్ని అపేక్షలను వెంటతెచ్చుకుంటాడు. ఈ ఆట విషయంలో ఆ అపేక్షలకు మూడు మూలాలు ఉన్నాయి: 1984నాటి ఆట స్మృతి, విరాళాల సమయంలో నిర్మాతలు చెప్పిన మాటలు, విశాలమైన గెలాక్సీ సహజంగా రేపే కుతూహలం. తరువాత వచ్చిన అభిప్రాయభేదాలను ఈ మూడింటి వెలుగులోనే అర్థం చేసుకోవాలి.

3. వైశాల్యం - శూన్యం:

ఈ ఆటపై ఎక్కువగా వినిపించే ఆక్షేపణ 'మైలు వెడల్పు, అంగుళం లోతు' అన్నది. ఆటగాళ్లలో ఇది నానుడిగా స్థిరపడింది. ఒక అంతరిక్షకేంద్రం మరొక కేంద్రంలాగే ఉంటుందని, ఒక పని మరొక పనికి ప్రతిబింబమని, మనుషుల జాడ తక్కువని దీని సారాంశం. సరిగ్గా ఇదే లక్షణాన్ని మరికొందరు గొప్పగుణంగా కీర్తించారు. ఆటగాళ్లందరూ కలిసి ఇంతవరకు చూసినది ఈ గెలాక్సీలో ఒక శాతం కూడా లేదు. ఎవరూ చూడని నక్షత్రం ముందు ఒంటరిగా నిలిచే అనుభవమే తమను ఈ ఆటలో నిలిపి ఉంచిందని అన్వేషకులు చెబుతారు.

ఆల్ఫా సెంటారీ వ్యవస్థలోని హట్టన్ ఆర్బిటల్ అనే కేంద్రం దీనికి చక్కని ఉదాహరణ. నౌక ఆ వ్యవస్థలో ప్రవేశించే చోటునుంచి అది 0.22 కాంతిసంవత్సరాల దూరంలో ఉంది. అక్కడికి చేరడానికి గంటకు పైగా నేరుగా ప్రయాణించవలసి వచ్చేది. దారిలో చేయవలసిన పని దాదాపు ఏమీ లేదు. రచనాశిల్పం దృష్ట్యా ఇది లోపమే. కానీ ఆటగాళ్లు ఈ ప్రయాణాన్ని ఒక తీర్థయాత్రగా మార్చుకున్నారు, దానిచుట్టూ హాస్యం అల్లుకున్నారు, కొత్తవారిని ఆటపట్టించడానికి అక్కడికి పంపారు. అలాగే ఇంధనం అయిపోయి శూన్యంలో చిక్కుకున్నవారికి ఇంధనం అందించే 'ఫ్యూయల్ ర్యాట్స్' అనే స్వచ్ఛందబృందం ఏర్పడింది. నిర్మాతలు రాయని పాత్రను ఆటగాళ్లు తామే రాసుకున్నారు. 2019 జనవరిలో బయలుదేరిన 'డిస్టెంట్ వరల్డ్స్ 2' యాత్రలో 10,000 మందికి పైగా ఆటగాళ్లు గెలాక్సీ ఆవలి అంచువైపు కలిసి ప్రయాణించారు.

దీన్నిబట్టి శూన్యం అన్నది పాఠ్యంలో స్థిరంగా ఉన్న గుణమో దోషమో కాదని తెలుస్తుంది. అభ్యాసదశనుబట్టి దాని అర్థం మారుతోంది. కొత్తగా వచ్చినవాడు వైశాల్యాన్ని చూసి విస్మయం పొందుతాడు. కొంతకాలం ఆడినవాడికి దృశ్యం వెనకనున్న సూత్రం కనిపించి విస్మయం సడలుతుంది. ఆ దశను దాటినవాడు తోటి ఆటగాళ్ల సాంగత్యంలోనో, ఏకాంతంలోనో కొత్త ప్రయోజనాన్ని వెతుక్కుంటాడు. కావ్యంలో అభ్యాసం తన్మయత్వానికి దారితీస్తే, ఆటలో అది తన్మయత్వానికీ యంత్రాంగ పరిజ్ఞానానికీ కూడా దారితీస్తుంది. రెండో దశలో ఆగినవాని తీర్పు, మూడో దశకు చేరినవాని తీర్పు పరస్పరవిరుద్ధంగా కనిపించినా రెండూ సత్యమే.

4. పోరు - నైపుణ్యం, న్యాయం:

ఆకాశయుద్ధం విషయంలో అభిప్రాయాలు ఇంతగా చీలలేదు. నౌకలోని విద్యుచ్ఛక్తిని రక్షణకు, ఇంజనుకు, ఆయుధాలకు క్షణక్షణం పంచుకోవలసి రావడం, పెరిగే వేడిని అదుపు చేయడం, గమనసహాయాన్ని ఆపివేసి జడత్వంతో నౌకను తిప్పడం వంటి అంశాలు పోరుకు లోతునిచ్చాయని విమర్శకులైన ఆటగాళ్లు కూడా అంగీకరిస్తారు. ధ్వనిరూపకల్పనపై ప్రశంస దాదాపు ఏకగ్రీవం. ఇంజను రొదనుబట్టి నౌక స్థితిని పోల్చుకోవచ్చునన్నది తరచుగా వినిపించే మెచ్చుకోలు.

వివాదం పోరాటశిల్పంపై లేదు, ఎవరు ఎవరితో పోరాడాలన్న దానిపై ఉంది. ఈ ఆటను అందరితో కలిసి, ఎంచుకున్న బృందంతో, లేదా ఒంటరిగా ఆడవచ్చు. మూడు విధాలుగా ఆడేవారి చర్యలూ ఒకే గెలాక్సీ రాజకీయాలను ప్రభావితం చేస్తాయి. ఒక వర్గం ఒక నక్షత్రవ్యవస్థపై సాధించిన ఆధిపత్యాన్ని, ఎదురుపడే అవసరం లేకుండా ఒంటరిగా ఆడుతున్న ప్రత్యర్థి దెబ్బతీయగలడు. బహిరంగంగా ఆడేవారు దీన్ని అన్యాయం అంటారు. ఆయుధాలు లేని వర్తకనౌకలను వినోదంకోసం కూల్చేవారి బెడద ఉన్నంతకాలం తమకు ఏకాంతమే రక్షణ అని ఇతరులు వాదిస్తారు. ఈ చర్చ బాహ్యంగా ఆట నియమాల గురించే సాగినా, ఉమ్మడిజాగాలో బలవంతునికీ బలహీనునికీ మధ్య హద్దు ఎక్కడ ఉండాలన్న నైతికప్రశ్న దాని కేంద్రంలో ఉంది. ఇలాంటి అభిప్రాయాలను రుచిభేదంగా మాత్రమే పరిగణిస్తే ఈ ప్రశ్న కనుమరుగవుతుంది.

5. శ్రమ:

2016లో నౌకల సామర్థ్యాన్ని పెంచే 'ఇంజనీర్లు' అనే పాత్రలు ఆటలో ప్రవేశించాయి. వారికి కావలసిన పదార్థాలను సేకరించడానికి చేసిన పనినే మళ్లీమళ్లీ చేయవలసి వచ్చింది. అంత శ్రమించినా ఫలితం యాదృచ్ఛికంగా ఉండేది. ఎంతో కష్టపడి చేయించిన మార్పు పాతదానికంటే నాసిరకంగా తేలే అవకాశమూ ఉండేది. దీనిపై ఆటగాళ్ల నిరసన తీవ్రంగా వినిపించింది. 2018 ఫిబ్రవరిలో నిర్మాతలు ఈ పద్ధతిని మార్చి, ప్రతి ప్రయత్నమూ ఎంతోకొంత ముందుకు నడిపించేలా సరిచేశారు.

ఇక్కడ గమనించవలసిన అంశం ఒకటి ఉంది. ఆటగాళ్లు శ్రమను నిరాకరించలేదు. హట్టన్ ఆర్బిటల్‌కు గంటకు పైగా ప్రయాణించడానికి సిద్ధపడినవారూ వారిలో ఉన్నారు. వారు నిరాకరించినది ఫలితంతో సంబంధం తెగిన శ్రమను. తాను ఎంచుకున్న శ్రమకూ, తనపై మోపిన శ్రమకూ మధ్య ఆటగాడు చూపిన ఈ వివేచన ఆర్సెత్ ప్రతిపాదనకు ఒక సవరణను సూచిస్తుంది. పాఠ్యాన్ని దాటడానికి శ్రమ అవసరమని చెప్పడం చాలదు, ఆ శ్రమ స్వభావమేమిటో కూడా పరిశీలించాలి.

6. మాట:

మూడో ప్రమాణం పాఠ్యానికి వెలుపల ఉంది. విరాళాల సేకరణ సమయంలో అంతర్జాల అనుసంధానం లేకుండా ఒంటరిగా ఆడుకునే వీలు ఉంటుందని నిర్మాతలు చెప్పారు. విడుదలకు సుమారు నెలముందు, 2014 నవంబరులో, ఆ సౌకర్యం ఉండదని ప్రకటించారు. గెలాక్సీ నిరంతరం మారుతూ ఉండాలంటే కేంద్రసర్వర్‌తో సంబంధం తప్పదన్నది వారి కారణం. డబ్బు చెల్లించినవారిలో కొందరికి ఇది మాట తప్పడంగా తోచింది.

2021 మేలో వెలువడిన 'ఒడిస్సీ' విస్తరణలో ఆటగాడు నౌక దిగి కాలినడకన తిరిగే, పోరాడే అవకాశం లభించింది. కానీ సాంకేతికలోపాలతో, మందగమనంతో అది విడుదలైంది. ఆటగాళ్ల తీర్పు ప్రతికూలంగా వచ్చింది. కొద్దిరోజులకే బ్రేబెన్ బహిరంగంగా క్షమాపణ చెప్పాడు. 2022 మార్చిలో కన్సోళ్లపై ఆటను మరింత అభివృద్ధి చేయబోమని సంస్థ ప్రకటించింది. కన్సోల్ ఆటగాళ్లు వేచి చూసిన ఒడిస్సీ వారికి అందలేదు.

ఇలాంటి సందర్భాల్లో వెలువడిన ప్రతికూల అభిప్రాయాలు కళాకృతిపై తీర్పులు కావన్న వాదం ఉంది. ముద్రితగ్రంథం విషయంలో ఆ వాదం నిలుస్తుంది. ప్రచురణకర్తపై కోపంతో పుస్తకాన్ని నిందించడం విమర్శ అనిపించుకోదు. కానీ కొన్న పుస్తకం పాఠకుని చేతిలో మారదు, మాయం కాదు. సర్వర్‌పై ఆధారపడిన ఆట అలాంటిది కాదు. నిర్మాత నిర్ణయం నేరుగా పాఠ్యాన్నే మారుస్తుంది, ఒకనాటికి దాన్ని అదృశ్యం చేయగలదు కూడా. యూబీసాఫ్ట్ సంస్థ 2024 మార్చి 31న 'ది క్రూ' ఆట సర్వర్లను నిలిపివేయడంతో, కొన్నవారు సైతం దాన్ని ఆడలేకపోయారు. అమ్మిన ఆటలను ఆడలేని స్థితిలో వదిలేయరాదని ఐరోపాలో మొదలైన పౌరవినతికి 2025 నాటికి 10 లక్షలకు పైగా సంతకాలు వచ్చాయి. ఈ నేపథ్యంలో మాట గురించిన ఫిర్యాదు పాఠ్యం మనుగడకు సంబంధించిన ఫిర్యాదే అవుతుంది.

7. శాతంగా మారిన తీర్పు:

కంప్యూటర్ ఆటలను విక్రయించే స్టీమ్ వేదికపై ఆటగాడు 'సిఫారసు చేస్తాను', 'చేయను' అన్న రెండింటిలో ఒకదాన్ని ఎంచుకుని తన అభిప్రాయం రాయాలి. అతడు ఆడిన గంటలు పక్కనే కనిపిస్తాయి. అన్నింటినీ కలిపి ఒక శాతం, దానికి తగిన ఒక విశేషణం రూపొందుతాయి. 2016నుంచి ఇటీవలి 30 రోజుల అభిప్రాయాలను విడిగా కూడా చూపుతున్నారు. కాలాన్నిబట్టి తీర్పు మారుతుందన్న గ్రహింపు ఇందులో ఉంది. అయినా ధ్వనిని మెచ్చి, శ్రమను నిరసించి, తప్పిన మాటకు బాధపడిన ఆటగాడి రాత ఆ లెక్కలో ఒక 'వద్దు'గానే మిగులుతుంది.

వేల గంటలు ఆడి 'వద్దు' అన్నవాని వాక్యాన్ని ఇప్పుడు విడదీసి చదవవచ్చు. అతడు ఆడిన గంటలు ఆస్వాదానికి సాక్ష్యం. అతడి 'వద్దు' శ్రమకో, మాటకో సంబంధించిన తీర్పు. అందులో ద్వేషంకంటే హక్కు ఎక్కువగా పలుకుతోంది. కాబట్టి ఆటగాళ్ల అభిప్రాయాలను ఆకరంగా స్వీకరించే పరిశోధకుడు ఎవరు, ఎప్పుడు, ఏ విధానంలో, ఎంతకాలం ఆడి రాశారో ముందుగా నమోదు చేసుకోవాలి. ఆపై ప్రతి అభిప్రాయంలో మూడు ప్రమాణాలనూ వేరుపరచాలి. రాసేవారు ఆడేవారిలో ఒక భాగమే అన్న పరిమితిని కూడా మరువరాదు.

8. ముగింపు:

'ఎలీట్ డేంజరస్'పై వచ్చిన అభిప్రాయాలు ఆటగాడు సహృదయుడే అని నిరూపిస్తున్నాయి. అయితే అతడి సహృదయత్వం ఆస్వాదంతో ముగియదు. తన శ్రమకు అర్థం ఉందా, తనకిచ్చిన మాట నిలిచిందా అని కూడా అతడు అడుగుతున్నాడు. ఈ రెండు ప్రశ్నలకు ప్రాచీనకావ్యశాస్త్రంలో చోటు లేకపోవడానికి కారణం ఆ శాస్త్రలోపం కాదు, కావ్యం అలాంటి ప్రశ్నలకు తావివ్వని వస్తువు కావడం.

రంగస్థలంపై బళ్ళారి రాఘవ నటన ఎలా ఉండేదో నేటి పరిశోధకునికి ప్రధానంగా తెలిసేది దాన్ని చూసినవారి రాతలవల్లనే. ప్రదర్శన గడిచిపోయింది, ప్రేక్షకుని మాట మిగిలింది. సర్వర్లపై బతికే ఆటలకూ అదే స్థితి రానుంది. ఆ ఆటల్లో మనుషులు ఏమి అనుభవించారో రేపటి పరిశోధకునికి చెప్పేవాటిలో ఆటగాళ్ల అభిప్రాయాలు ముఖ్యమైనవి అవుతాయి. వాటిని శాతాలుగా కుదించి వదిలేస్తే ఆ సాక్ష్యం కూడా మిగలదు. ఆట ఇంకా నడుస్తున్న కాలంలోనే వాటిని సేకరించి, వర్గీకరించి, చదవడం డిజిటల్ పాఠ్యాలపై పనిచేసే పరిశోధకుల బాధ్యత.