అద్దంకి శాసనం: విజయానికి పద్యం, దానానికి వచనం

నన్నయకు పూర్వమే తెలుగులో పద్యం ఉందనడానికి క్రీ.శ. 848 నాటి పండరంగుని అద్దంకి శాసనం ప్రధానాధారం. దీనిని బోధించేటప్పుడు మనం తరచుగా తరువోజ లక్షణం దగ్గరే ఆగిపోతాం. ఆ తరువోజ దేనిని కీర్తిస్తున్నదో, దాని తరువాతి వచనం ఏమి చెబుతున్నదో కలిపి చదివితే, మతాదర్శానికీ ఆచరణకూ మధ్య గల దూరం స్పష్టమవుతుంది.

పండరంగు తూర్పు చాళుక్య ప్రభువు గుణగ విజయాదిత్యుని సేనాని. పన్నెండు బోయ కొట్టాలను జయించడం, కట్టెపు దుర్గాన్ని ధ్వంసం చేయడం, కందుకూరును బెజవాడతో సమానం చేయడం పద్యభాగంలోని విషయాలు. పరమ మాహేశ్వరుడైన అతడు ఆదిత్యభటారునికి భూమిని ఇచ్చిన సంగతి వచనభాగంలో ఉంది. అంటే విజయానికి ఛందోగౌరవం దక్కింది. ధర్మం దస్తావేజు భాషలో నమోదైంది. ఓడిన బోయలకు ఈ రెండింటిలోనూ గొంతు లేదు. దానాన్ని రక్షించినవారికి చెప్పిన ఫలం సైతం అశ్వమేధ ఫలమే. శాంతియుతమైన పుణ్యాన్ని కొలవడానికి కూడా దిగ్విజయ సూచకమైన యాగమే కొలమానమైంది.

యుద్ధం ఆనాటి రాజధర్మం కనుక ఇందులో వైరుధ్యం లేదని వాదించవచ్చు. ఆ వాదంలో కొంత సత్యం ఉంది; నేటి నీతితో నాటి సేనానిని శిక్షించడం విమర్శ కాదు. అయితే రాజధర్మం యుద్ధాన్ని సమర్థించినంత మాత్రాన భక్తుని కరుణ ఎవరి వరకు విస్తరించిందన్న ప్రశ్న తొలగిపోదు.

ఇదే అద్దంకి 14వ శతాబ్దంలో ప్రోలయ వేమారెడ్డికి రాజధాని. అతని ఆస్థానకవి ఎఱ్ఱన శంభుదాసుడై ఉండి హరివంశాన్ని, నృసింహపురాణాన్ని రచించాడు. శివభక్తి అతనికి విష్ణుకథ చెప్పడానికి అడ్డు కాలేదు. దేవతల మధ్య గీతలను చెరపగల ఔదార్యం మన సంప్రదాయంలో ఉన్నదనడానికి ఇది నిదర్శనం. దేవుళ్ల మధ్య సాధ్యమైన ఆ ఔదార్యం మనుషుల మధ్య ఎంతవరకు సాగిందన్నదే అసలు పరీక్ష. పండరంగుని శాసనం ఆ పరీక్షలో నిలవదు.

కాబట్టి అద్దంకి శాసనాన్ని ఛందస్సుకు ఆధారంగా మాత్రమే కాక, భక్తి తన హద్దులను తానే నమోదు చేసుకున్న పత్రంగానూ బోధించవలసి ఉంది.