ఇద్దరు ఆడవాళ్ళు, ఒక టేపు

జిల్ వైన్-బ్యాంక్స్ 2020లో వచ్చిన తన ఆత్మకథకి పెట్టుకున్న పేరు 'ది వాటర్‌గేట్ గర్ల్'. తెలుగులో చెప్పుకుంటే 'వాటర్‌గేట్ అమ్మాయి'. ఈ పేరు దగ్గరే నేను చాలాసేపు ఆగిపోయాను. అమెరికా అధ్యక్షుడు నిక్సన్‌కి కుడిభుజాల్లాంటి వాళ్ళని ముద్దాయిలుగా నిలబెట్టిన లాయరు ఆమె. 1973లో ఆ పనిలో చేరేనాటికి ఆమెకి ముప్పై ఏళ్ళు. కొలంబియా లా స్కూలు నుంచి పట్టా తీసుకుని అయిదేళ్ళయింది. న్యాయశాఖలో వ్యవస్థీకృత నేరాల విభాగంలో పనిచేసిన అనుభవం ఉంది. ఆ కేసు వాదించిన జట్టులో ఆమె ఒక్కతే స్త్రీ. ఆమె పక్కన కూర్చున్న మగ లాయర్లని ఎవరూ 'వాటర్‌గేట్ అబ్బాయిలు' అనలేదు. తనని చిన్నబుచ్చిన మాటని డెబ్బై ఆరేళ్ళ వయసులో తనే అట్టమీదికి ఎక్కించుకోవడంలో ఒక వెక్కిరింపు ఉంది, దాన్ని నేను ఇష్టంగానే చదివాను. కానీ పుస్తకం పూర్తయ్యాక నాతో ఉండిపోయింది ఆ 'అమ్మాయి' కాదు. ఆమె ప్రశ్నలకి జవాబు చెప్పిన మరో స్త్రీ.

జర్నలిజం చదువుకున్న జిల్ మహిళల పేజీ తప్ప మరో పేజీ ఇవ్వని పత్రికల్ని చూసి, లా చదివితే తన మాటకి బరువొస్తుందని ఆ వైపు వెళ్ళింది. కోర్టులో అడుగుపెట్టాక అవే పత్రికలు ఆమె వాదన కంటే ముందు ఆమె దుస్తుల కొలత రాశాయి. 'మినీస్కర్టు లాయరు' అన్న బిరుదు అలా వచ్చిందే.

కథ మనకి తెలిసిందే. 1972 జూన్ 17న వాషింగ్టన్‌లోని వాటర్‌గేట్ భవనంలో డెమొక్రటిక్ పార్టీ ఆఫీసులో దొంగలు పట్టుబడ్డారు. వాళ్ళ వెనక ఉన్నదెవరో దాచిపెట్టడానికి అధికారం మొత్తం కదిలింది. నిక్సన్ తన గదిలో మాటలన్నీ రికార్డు చేయించాడని 1973 జూలైలో బయటపడింది. ఆ టేపులు అడిగినందుకు స్పెషల్ ప్రాసిక్యూటర్ ఆర్చిబాల్డ్ కాక్స్‌ని అక్టోబరు 20న ఉద్యోగంలోంచి తీసేయించాడు. దేశం భగ్గుమనడంతో టేపులు ఇవ్వక తప్పలేదు. అప్పుడు తేలింది, దొంగతనం జరిగిన మూడో రోజు నిక్సన్, అతని ముఖ్య అధికారి హాల్డెమన్ మాట్లాడుకున్న టేపులో పద్దెనిమిదిన్నర నిమిషాలు మాయమయ్యాయని.

ఆ ఖాళీకి సమాధానం చెప్పడానికి ముందుకొచ్చింది నిక్సన్ కాదు, హాల్డెమన్ కాదు. సెక్రటరీ రోజ్ మేరీ వుడ్స్. 1951 నుంచీ నిక్సన్ దగ్గరే పనిచేస్తున్న మనిషి. టేపు విని టైపు చేస్తుండగా ఫోన్ మోగిందని, అందుకోబోతూ పొరపాటున రికార్డు మీట నొక్కానని, కాలు పెడల్ మీదే ఉండిపోయిందని ఆమె చెప్పింది. అది కూడా అయిదు నిమిషాల వరకే తన తప్పని, మిగతాది తనకి తెలియదని చెప్పింది.

జడ్జి సిరికా కోర్టులో ఆమెని ప్రశ్నించింది జిల్. ఈ పుస్తకంలో అన్నిటికంటే విలువైనవి ఈ సాక్ష్యం గురించిన పేజీలే. అంతకుముందు అదే నెలలో, ఖాళీ సంగతి బయటికి రాకముందు, టేపు చెరిగిపోకుండా ఏం జాగ్రత్తలు తీసుకున్నావని జిల్ అడిగితే, బుర్ర వాడానని వుడ్స్ కసిరినట్టు జవాబిచ్చింది. ఇప్పుడు అదే మనిషి పొరపాటు జరిగిందంటోంది. జిల్ గొంతు పెంచలేదు, అబద్ధమని అనలేదు. ఎలా జరిగిందో చేసి చూపించమంది. యంత్రం ముందు పెట్టారు. వుడ్స్ పెడల్ మీద కాలు పెట్టి, లేని ఫోన్ కోసం చెయ్యి చాచింది. కాలు పెడల్ మీదనుంచి లేచిపోయింది. ఆరోపణ అనే మాట వాడకుండానే ఆ కథ అక్కడ కూలిపోయింది. ఒక లాయరు నైపుణ్యం అంటే ఏమిటో చూపించడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ నాకు తెలియదు.

అలాంటి చోట జడ్జికి కనిపించిందేమిటి? ప్రశ్నోత్తరాలు వాడిగా సాగుతుంటే, ఉన్న తలనొప్పులు చాలవా, ఇద్దరు ఆడవాళ్ళ గొడవ కూడానా అన్న అర్థంలో సిరికా అడ్డు తగిలాడు. ఒకరు ప్రభుత్వం తరఫు ప్రాసిక్యూటర్, మరొకరు ప్రమాణం చేసిన సాక్షి. ఆయన చూపులో ఇద్దరూ కుళాయి దగ్గర బిందెల కోసం కొట్లాడుకుంటున్న వాళ్ళు. కొద్దిరోజుల తర్వాత సాక్ష్యమిచ్చిన జనరల్ హేగ్ ఇంకో అడుగు ముందుకేశాడు. అయిదు నిమిషాలకీ పద్దెనిమిది నిమిషాలకీ ఉన్న తేడా గురించి అడిగితే, అయిదు నిమిషాలే మాట్లాడామనుకుంటూ గంటసేపు మాట్లాడే ఆడవాళ్ళు తనకి తెలుసన్నాడు. దేశాధ్యక్షుడి మీద విచారణలో సాక్ష్యం చెరిగిపోతే, దాన్ని ఆడవాళ్ళ వాగుడు మీద వేసిన జోకుగా మార్చడం ఎంత సులువో చూడండి.

ఇక్కడే నన్ను కొందరు మిత్రులు అడిగే ప్రశ్న ఉంది. ఒక స్త్రీ అంత ఎత్తుకి ఎదిగి చేసింది మరో స్త్రీని ఇరుకున పెట్టడమేనా? స్త్రీల మధ్య సహానుభూతి సంగతేమిటి? నేను ఈ ప్రశ్నని ఒప్పుకోను. వుడ్స్‌ని తన మాటకి తాను బాధ్యురాలైన మనిషిగా చూసింది ఆ కోర్టులో జిల్ మాత్రమే. జడ్జి పెద్దరికం, హేగ్ హాస్యం ఆమెని తెలియని ఆడదానిగా చేశాయి. ఏం చేశావు, ఎలా చేశావు అని అడగడం క్రూరత్వం కాదు, గౌరవం.

అయితే పుస్తకం మీద నా అసంతృప్తి కూడా ఇక్కడే మొదలవుతుంది. ప్రభుత్వం, ప్రాసిక్యూటర్లు కలిసి ఎంచుకున్న నిపుణులు ఆ టేపుని పరీక్షించి, కనీసం అయిదుసార్లు విడివిడిగా, చేత్తో మీటలు నొక్కితేనే అంత ఖాళీ వస్తుందని 1974లో తేల్చారు. పెడల్ మీద ఆనించిన కాలు కాదు, మీట మీద చెయ్యి. ఎవరి చెయ్యో ఈరోజుకీ తేలలేదు. వుడ్స్ మీద ఏ కేసూ పెట్టలేదు. కానీ ప్రజల జ్ఞాపకంలో మిగిలింది, వైట్‌హౌస్‌లో తీసిన ఫోటోలో ఒళ్ళు సాగదీసి ఫోన్ కోసం వంగిన సెక్రటరీయే. 2005లో చనిపోయేదాకా ఆ బొమ్మ ఆమెని వదల్లేదు. టేపులో గొంతులున్న మగవాళ్ళకి ఆ పద్దెనిమిదిన్నర నిమిషాల మౌనం రక్షణ అయింది, ఆమెకి అప్రతిష్ఠ అయింది.

అవినీతి అంటే మనకి లంచాలు, సూట్‌కేసులు గుర్తొస్తాయి. దాని కింద ఇంకో పొర ఉంది. అధికారం నడవాలంటే రహస్యం దాచేవాళ్ళు కావాలి, కాగితాలు టైపు చేసేవాళ్ళు కావాలి, అవసరమైతే తప్పు నెత్తిన వేసుకునేవాళ్ళు కావాలి. ఇరవై రెండేళ్ళు ఒకే మనిషిని నమ్ముకుని ఉండటాన్ని మన సమాజాలు స్త్రీ సుగుణమని మెచ్చుకుంటాయి. ఆ సుగుణాన్ని అధికారం ఎలా ఖర్చు పెట్టుకుంటుందో వుడ్స్ కథ చెబుతుంది. దాని రెండో వైపు మార్తా మిచెల్. మాజీ అటార్నీ జనరల్ జాన్ మిచెల్ భార్య. తనకి తెలిసింది పత్రికలకి ఫోన్ చేసి చెప్పబోయింది. తనని హోటల్ గదిలో బంధించి మత్తు ఇంజక్షన్ ఇచ్చారని ఆమె అంటే పిచ్చిదని, తాగుబోతని ప్రచారం చేశారు. నిజం చెప్పినవాళ్ళ మాటని పిచ్చిగా కొట్టిపారేయడానికి తర్వాత మనస్తత్వ శాస్త్రంలో ఆమె పేరే పెట్టారు. నోరు మూసుకున్న స్త్రీకి నింద, నోరు విప్పిన స్త్రీకి పిచ్చి. ప్రశ్న అడిగిన స్త్రీకి మినీస్కర్టు. ఈ ముగ్గురినీ ఒకే వరసలో నిలబెట్టి చూడగల స్థానం జిల్‌ది. ఆ విశ్లేషణ నేను ఆశించినంత లోతుగా ఈ పుస్తకంలో సాగలేదు. గెలిచిన కథ చెప్పాలన్న తొందర దాన్ని పక్కకి నెట్టిందనిపిస్తుంది.

ఆ తొందర లేని చోటు ఒకటుంది. తన పెళ్ళి గురించి రాసిన భాగాలు. పగలు దేశంలో పెద్దవాళ్ళని నిలదీసే మనిషికి ఇంట్లో సంతోషం లేదు. ఇదంతా రాజకీయ పుస్తకంలో ఎందుకు అనేవాళ్ళుంటారు. నాకు మాత్రం ఇవి తీసేస్తే పుస్తకం అబద్ధమైపోతుందనిపించింది. ఆనాటి వార్తల్లో ఆమె పేరు జిల్ వైన్ వోల్నర్. తర్వాత వదిలేసిన భర్త ఇంటిపేరుతోనే ఆమె అతిపెద్ద విజయం చరిత్రలో నమోదై ఉంది. ఇల్లు వేరు, కోర్టు వేరు అని ఎవరు అనగలరు?

1975 జనవరి 1న జ్యూరీ మిచెల్, హాల్డెమన్, ఎర్లిక్‌మన్‌లని దోషులంది. అంతకు నాలుగు నెలల ముందే నిక్సన్‌కి కొత్త అధ్యక్షుడు ఫోర్డ్ క్షమాభిక్ష పెట్టేశాడు. తర్వాత జిల్ అమెరికా సైన్యానికి జనరల్ కౌన్సెల్ అయిన తొలి మహిళ, అమెరికన్ బార్ అసోసియేషన్‌ని నడిపిన తొలి మహిళ. 'తొలి' అన్న మాట ఆమె పరిచయాల్లో పదేపదే వస్తుంది. ఆ మాట మీద నాకు అనుమానం. తలుపు ఒకరి కోసం తెరిచినవాళ్ళే ఆ ఒకరినీ చూపించి, తలుపు తెరిచే ఉంది కదా అంటారు.

అయినా ఈ పుస్తకం చదవమంటాను, ముఖ్యంగా లా చదివే అమ్మాయిలని. స్ఫూర్తి కోసం కాదు, ఆ ప్రశ్న అడిగిన పద్ధతి కోసం. అలాగే మన దగ్గర ఏ కుంభకోణం గురించి చదివినా, సంతకం పెట్టినవాడి పేరు దగ్గర ఆగిపోకుండా, ఆ కాగితం టైపు చేసినామె ఎవరు, ఆమె చేత ఏం చెప్పిస్తున్నారు అని వెతకడం కోసం.